ఏడుపాయల వనదుర్గమ్మ దర్శనం: మంజీర నీళ్ళు చూసుకుని బయలుదేరాలి

ఏడుపాయలకు పోదామనుకున్నవాళ్ళు తిథి, వారం చూసుకున్నాక ఎగువన మంజీర మీదున్న సింగూరు ప్రాజెక్టు గేట్ల సంగతి కూడా కనుక్కోవాలి. మెదక్ జిల్లా పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి శివారులో, మంజీర నది నడుమ, బండల కింద కొలువైన తల్లి వనదుర్గ భవాని. గుడి ముందు నుంచే నది పాయ పారుతుంది. ఆ పాయలో నీళ్ళు చీలమండ దాకా ఉన్న రోజు యాత్ర ఒక తీరుగా, నడుము దాకా ఉన్న రోజు ఇంకో తీరుగా సాగుతుంది. నీళ్ళు గుడిలోకి వచ్చిన రోజు సంగతి పూర్తిగా వేరు. ఇంటి నుంచి బోనం కుండ, యాట (మొక్కు పొట్టేలు), పిల్లాజెల్లలతో వచ్చి గుడి మూసి ఉందని తెలిసి దిగులుపడేవాళ్ళు ప్రతి వానాకాలం కనబడతారు. నది ఎట్లా నడుస్తుందో ముందే తెలిస్తే ఆ దిగులుండదు.

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. కర్ణాటకలోని బీదర్ మీదుగా తెలంగాణకు వచ్చి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం ప్రయాణం 724 కిలోమీటర్లు. తెలంగాణలోకి అడుగుపెట్టాక దానికి తగిలే పెద్ద కట్ట సింగూరు. దాని నిల్వ సామర్థ్యం 29.9 టీఎంసీలు. సింగూరు దాటి దిగువకు వస్తే గుడికి కాస్త ఎగువన ఘనపూర్ ఆనకట్ట. నిజాం కాలంలో 1905లో కట్టిన ఈ ఆనకట్టకు ఇప్పుడు వనదుర్గ ప్రాజెక్టు అని అమ్మవారి పేరే పెట్టారు. మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు దీని కింద పొలాలు తడుపుతాయి. దీని నిల్వ మాత్రం 0.2 టీఎంసీలే.

యాత్రకు వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది సింగూరు 29.9, ఘనపూర్ 0.2 అనే ఈ రెండు అంకెలను. సింగూరు నిండి గేట్లు ఎత్తితే దిగే నీటిని ఘనపూర్ ఆపలేదు. ఆపడానికి కట్టింది కూడా కాదు. అది మత్తడి. నిండగానే కట్ట మీది నుంచి దూకుతుంది. దూకిన నీరు దిగువన గుండ్ల మధ్య ఏడు పాయలుగా చీలి, ముందుకు పోయి మళ్ళీ ఒకటవుతుంది. గుడి ఉన్నది ఆ పాయల దారిలోనే. సింగూరు గేట్లు ఎత్తకపోయినా మధ్యలో వచ్చి కలిసే వాగులు పొంగితే చాలు, ఘనపూర్ మత్తడి దూకుతుంది. అందుకే గుడి దగ్గర చినుకు లేకుండా ఎండ కాస్తున్నా పాయలో నీళ్ళు పెరగవచ్చు. పైన ఎక్కడో పడ్డ వాన ఇక్కడికి చేరడానికి గంటలు పడుతుంది. ఆకాశం తేటగా ఉందని ధైర్యంగా పాయలోకి దిగేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

జూలై నుంచి అక్టోబరు దాకా వచ్చేవాళ్ళు ముందురోజు సాయంత్రం రెండు విషయాలు తెలుసుకుంటే చాలు: సింగూరు నుంచి నీళ్ళు వదులుతున్నారా, ఘనపూర్ మత్తడి దూకుతోందా. మెదక్, సంగారెడ్డి జిల్లాల పేపర్లలో, లోకల్ వార్తల్లో ఈ రెండూ తప్పకుండా వస్తాయి. దూకుతోందంటే గర్భగుడి దర్శనం మీద ఆశ పెట్టుకోకుండా బయలుదేరాలి. యాటను కొనేముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

వరద వచ్చినప్పుడు అమ్మవారి సేవ ఆగదు. ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో ఉంచి నిత్యపూజలు అక్కడే చేస్తారు. భక్తులకు దర్శనం కూడా అక్కడే. 2025 ఆగస్టులో మెదక్ జిల్లాను వానలు ముంచెత్తినప్పుడు కూడా ఇదే పద్ధతి నడిచింది. రాజగోపురం దగ్గరి దర్శనాన్ని కొందరు సగం దర్శనంగా లెక్కేస్తారు. అది సరికాదు. మంజీర వచ్చి అమ్మ పాదాలు కడుగుతోందని ఇక్కడివాళ్ళు చేతులు జోడించే రోజులవి. గుడి మునిగిందని వాళ్ళ నోట రాదు, గంగమ్మ వచ్చిందంటారు. మొక్కు ఉన్నవాళ్ళు కొబ్బరికాయ, ఒడిబియ్యం (అమ్మవారి ఒడిలో పోసే పసుపు బియ్యం) అక్కడే సమర్పించి నిశ్చింతగా తిరిగిపోవచ్చు.

వరద తగ్గిన మర్నాడే రావడం మాత్రం పనికిరాదు. నీళ్ళు పోయాక గుడి నిండా ఒండ్రు, చెత్త, కొట్టుకొచ్చిన కొమ్మలు మిగులుతాయి. వాటిని తీసి, కడిగి, కరెంటు తీగలు సరిచూసి, శుద్ధి చేశాకే గర్భగుడి తెరుస్తారు. పైగా ఎగువన ఇంకో వాన పడితే మళ్ళీ మొదటికొస్తుంది. మత్తడి ఆగిందన్న వార్త, దర్శనాలు మొదలయ్యాయన్న వార్త రెండూ వచ్చేదాకా ఆగడం మేలు.

అన్నిటికంటే హాయిగా ఉండే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పాయల్లో పారుతున్న నీళ్ళుంటాయి, బండలు కాలవు, పొద్దున మంచులో నది తెల్లగా పొగలు కక్కుతుంది. మార్చి దాటాక పాయలు సన్నబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో చాలా చోట్ల ఇసుక, గుండ్లే మిగులుతాయి. అక్కడక్కడ మడుగులు నిలుస్తాయి గాని ఆ నిల్వనీరు స్నానానికి బాగుండదు. ఇసుకలో మూరెడు చెలిమ తీస్తే తేటనీరు ఊరే చోట్లుంటాయి. పాతకాలం వాళ్ళు వంటకు ఆ నీళ్ళే వాడేవారు. ఇప్పుడైతే ఇంటి నుంచి క్యాన్లు తెచ్చుకోవడమే మంచిది. ఎండాకాలం వచ్చేవాళ్ళు తొమ్మిదింటిలోపు దర్శనం ముగించుకోవాలి. పదిన్నర దాటితే చెప్పుల్లేకుండా బండ మీద నాలుగడుగులు వేయలేరు. పిల్లలకు పాత సాక్సులు తొడిగి నడిపించడం అందరూ చేసే ఉపాయం. ఎండిన బండ మీదైతే అది పనిచేస్తుంది. తడి బండ మీద సాక్సులు జారతాయి, అక్కడ విప్పెయ్యాలి.

వారాల్లో ఆదివారం రద్దీ ఎక్కువ, ఆ తర్వాత మంగళ, శుక్రవారాలు. ప్రశాంతంగా అమ్మను చూడాలంటే సోమవారమో బుధవారమో పొద్దున్నే రావాలి. యాట కోసి నలుగురికీ పెట్టుకునే మొక్కుంటే మాత్రం ఆదివారమే నడుస్తుంది. వంటపాత్రలు, కట్టెలు, కోసేవాళ్ళు, మేళగాళ్ళు ఆ రోజే సులువుగా దొరుకుతారు.

హైదరాబాద్ నుంచి దూరం సుమారు 110 కిలోమీటర్లు. బాలానగర్, నర్సాపూర్ మీదుగా మెదక్ రోడ్డు పట్టుకుని, కొల్చారం మండలం పోతంశెట్టిపల్లి చౌరస్తా దగ్గర ఎడమకు తిరగాలి. మెదక్ పట్టణం దాకా పోయి వెనక్కి రావడం అనవసరం. చౌరస్తా దాటిపోయాక తెలుసుకునేవాళ్ళు చాలామంది, కాబట్టి కొల్చారం రాగానే చూపు రోడ్డు మీదే ఉంచాలి. సంగారెడ్డి వైపు నుంచి వచ్చేవాళ్ళకు జోగిపేట దారి దగ్గర. నిజామాబాద్, కామారెడ్డి వాళ్ళు మెదక్ చేరుకుని అక్కడి నుంచి రావచ్చు. బస్సుల్లో వచ్చేవాళ్ళకు సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి మెదక్ బస్సులున్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లోని ఫొటో మీద ఆధారపడొద్దు. మెదక్ నుంచి గుడి దాకా ఆటోలు దొరుకుతాయి. తిరుగు ప్రయాణం కూడా అదే ఆటోతో మాట్లాడుకుని ఎక్కాలి. మామూలు రోజుల్లో పొద్దుగూకాక గుడి దగ్గర బండి దొరకడం కష్టం.

ఇక గుడి సంగతి. పెద్ద గోపురాలు, వేయి స్తంభాలు ఊహించుకుని వచ్చేవాళ్ళకు ఇది చిన్నగా కనిపిస్తుంది. మండపాలు, గోపురం తర్వాత కట్టినవి. అమ్మ ఉన్న చోటు మాత్రం బండల నడుమ గుహ. నల్లసేనపు బండ చల్లదనం, దాని మీద నూనెతో కలిసి పట్టిన పసుపు కుంకుమ, నిమ్మకాయల వాసన, బయట నీళ్ళ హోరు. ఆ నిమిషం కోసమే జనం ఇంత దూరం వస్తారు. లోపల నిలబడే సమయం తక్కువ. అందుకే గోత్రం, పేర్లు, మొక్కు ఏమిటన్నది వరుసలో ఉండగానే మనసులో సిద్ధం చేసుకోవాలి. కుంకుమ పొట్లం ముడి ముందే వదులు చేసి పెట్టుకుంటే, అమ్మ ముందు నిలబడ్డాక ముడి విప్పడంతోనే పొద్దుపోదు.

పేరుకు తగ్గ కథ ఒకటి ఇక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. తక్షకుడి కాటుతో పరీక్షిత్తు చనిపోతే, ఆయన కొడుకు జనమేజయుడు చేసిన సర్పయాగం ఈ తావులోనే జరిగిందట. ఆ యాగగుండాన్ని, అందులో పడ్డ పాములను పునీతం చేయడానికి గరుత్మంతుడు గంగను తీసుకొస్తే అది ఏడు పాయలుగా పారిందట. ఏడు పాయలకూ సప్తఋషుల పేర్లు చెబుతారు: జమదగ్ని, అత్రి, కశ్యప, విశ్వామిత్ర, వసిష్ఠ, భరద్వాజ, గౌతమ. ఇసుక తవ్వితే యాగపు బూడిద ఇప్పటికీ బయటపడుతుందని పెద్దలు నమ్మకంగా చెబుతారు. ఏది ఏ పాయో చూపించమని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వైపు చెయ్యి చూపుతారు. వరద ప్రతి ఏడూ ఇసుక దిబ్బలను జరుపుతుంది కాబట్టి అందులో వింత లేదు.

ఒడిబియ్యం పోసేవాళ్ళు ఇంటి దగ్గరే అన్నీ కలిపి తెచ్చుకోవడం మంచిది. మామూలు లెక్క కిలంబావు బియ్యం. కొత్త బియ్యమైనా పాతవైనా ఫరవాలేదు, నూకలు మాత్రం ఉండకూడదు. దానికి చెంచాడు పసుపు, చెంచాడు నూనె గాని నెయ్యి గాని వేసి అరచేతులతో రుద్దితే ప్రతి గింజకూ రంగు పడుతుంది. నీళ్ళతో కలిపితే దారిలోనే ముద్దకట్టి మర్నాటికి వాసన వస్తుంది. కొందరు తొందరలో చేసే తప్పు ఇదే. వీటితో రెండు కుడుకలు (ఎండుకొబ్బరి చిప్పలు), ఐదు ఖర్జూరాలు, ఐదు పసుపుకొమ్ములు, ఐదు పోకలు, తమలపాకులు, గాజులు, రవికె గుడ్డ, శక్తి ఉంటే చీర. అన్నీ ఆ రవికె గుడ్డలోనే మూటకట్టి బట్ట సంచిలో పెట్టుకోవాలి. పలచటి ప్లాస్టిక్ కవర్ వరుసలో తోపులాటకు చినిగిపోయి బియ్యం కాళ్ళ కింద పడితే మనసు చివుక్కుమంటుంది.

బోనం వండటంలో ఇంకాస్త శ్రద్ధ కావాలి. మట్టికుండ వాడేవాళ్ళు కొత్త కుండను ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. పొడికుండను ఒక్కసారిగా మంట మీద పెడితే అడుగు పగులుతుంది. బయట పసుపు రాసి, సున్నం, కుంకుమ బొట్లు పెట్టిన కుండను పొయ్యి మీద పెట్టకూడదు. పసుపు మాడి నల్లబడుతుంది. వేరే గిన్నెలో వండి, అలంకరించిన కుండలోకి మార్చుకోవడం పద్ధతి. అరకిలో బియ్యానికి మూడు లీటర్ల కుండ సరిపోతుంది. తీపి బోనమైతే బియ్యం నీళ్ళలో బాగా మెత్తబడ్డాక అరలీటరు పాలు పోసి ఒక పొంగు రానిచ్చి, దించి, వేడి కాస్త తగ్గాక పావుకిలో తురిమిన బెల్లం వెయ్యాలి. మంట మీద ఉండగానే బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. పెరుగన్నమైతే అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి, లేకపోతే వరుసలో నిలబడేలోపు పులుస్తుంది.

కుండను మెడ దాకా నింపొద్దు. నాలుగు వేళ్ళ జాగా వదిలి, మీద మూకుడు బోర్లించి, దాని మీద ప్రమిద పెట్టాలి. మూకుడు కుదురుగా కూర్చుందో లేదో కుండను మెల్లగా అటూ ఇటూ వంచి చూడాలి. నది మీది గాలికి దీపం ఆరడం ఇక్కడ మామూలే. ఇంట్లో వాడే సన్నవత్తి పనికిరాదు, చిటికెనవేలు మందాన గుడ్డవత్తి చేసి నువ్వులనూనెలో ముందే ముంచి పెట్టుకోవాలి. పక్కన నడిచేవాళ్ళ చేతిలో కర్పూరం, అగ్గిపెట్టె ఉండాలి. వేపమండలు కుండ మెడకు కట్టేటప్పుడు ఆకుల కొసలు కిందికి ఉండాలి. పైకి నిలిచిన కొసలు దీపానికి తగిలి అంటుకుంటాయి. తల మీద చుట్టకుదురు తప్పనిసరి, దాన్ని కొంచెం తడిపితే జారదు. బోనమెత్తిన మనిషికి రెండు వైపులా ఇద్దరు నడవాలి. తడిబండ మీద ఆమె చూపు కిందికి దించలేదు కదా, అడుగు చెప్పేవాళ్ళు కావాలి.

యాట మొక్కు ఉన్నవాళ్ళకు లెక్క ఇది. బతికిన యాట బరువులో కూరకు వచ్చేది ఇంచుమించు సగం. ఇరవై కిలోల పొట్టేలుకు తలకాయ, కాళ్ళు, బోటి పక్కన పెడితే పది కిలోల లోపే మాంసం. నలభై మందికి అది సరిపోతుంది. ఆరు కిలోల బియ్యం, మూడు కిలోల ఉల్లిగడ్డలు, కిలోన్నర నూనె, అరకిలో అల్లంవెల్లుల్లి ముద్ద, మూడువందల గ్రాముల కారం, అందాజుగా ఉప్పు, పసుపు, ధనియాలపొడి, ఎండుకొబ్బరి. బగారా అన్నమైతే మసాలా ఇంటి నుంచే పొట్లం కట్టి తెచ్చుకోవాలి. కోయడం గుడికి దూరంగా, దానికి కేటాయించిన చోటే. వంట పాయల ఒడ్డున, చెట్ల కింద.

పొయ్యి పెట్టే చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. సేనపు బండ మీద నేరుగా మంట పెట్టొద్దు. ఆ రాయి వేడికి పొరలు పొరలుగా చిట్లుతుంది, ఒక్కోసారి టపటపమని పెచ్చులెగురుతాయి. నదిలోంచి అప్పుడే తీసిన తడిరాళ్ళను పొయ్యికి వాడితే ఇంకా ప్రమాదం. రాతి పగుళ్ళలోని నీరు ఆవిరై పేలుతుంది. గట్టు మీది పొడిరాళ్ళు మూడు తెచ్చి, మట్టినేల మీద గాని నాలుగు వేళ్ళ మందం ఇసుక పరిచి గాని పొయ్యి పెట్టుకోవాలి. గాలి వచ్చే వైపు ఒక రాయి అడ్డం ఉండాలి. లేకపోతే మంటంతా పక్కకు పోయి, దేగిశా (పెద్ద వంటగిన్నె) ఒక వైపు మాడి, ఇంకో వైపు ఉడకదు. ఇసుకదిబ్బ మీద పెద్ద దేగిశా పెట్టినప్పుడు రాళ్ళు మెల్లగా దిగబడి గిన్నె ఒరుగుతుంది, అన్నం వార్చే ముందు ఓసారి చూసుకోవాలి. ముఖ్యంగా పాయ అంచుకు దగ్గరగా, నీళ్ళకంటే కాస్తే ఎత్తున ఉన్న దిబ్బ మీద వంట పెట్టొద్దు. నీళ్ళు పెరిగితే చుట్టూ తిరిగి వెనక దారి మూసుకుపోతుంది. ఎంత ఎత్తు క్షేమమో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. చెట్ల కొమ్మలకు, పొదలకు చిక్కుకున్న ఎండుగడ్డి, పాత చీర పేలికలు చూడండి. పోయిన వరద ఆ ఎత్తున పారిందన్నమాట. వానాకాలంలో ఆ గీత కంటే పైన ఉన్న చోటే కూర్చోవాలి.

స్నానం దగ్గరే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఇక్కడి నదిగర్భం చాలా చోట్ల ఇసుకమేట కాదు, బండ. సుడుల్లో గులకరాళ్ళు ఏండ్ల తరబడి తిరిగి తిరిగి బండను తొలిచిన గుండ్రటి గుంతలుంటాయి. పైనుంచి చూస్తే మోకాలి లోతు నీళ్ళు, పక్కనే అడుగు వేస్తే నిలువు లోతు. రెండు గుండ్ల మధ్య ఇరుకులో నీరు పైకి నెమ్మదిగా కనిపించినా కింద లాగుతుంది. కాలు ఆ ఇరుకులో పడితే ఈత వచ్చినవాళ్ళు కూడా తీసుకోలేరు. పచ్చగా నిగనిగలాడే బండ అంటే పాచి పట్టిందని అర్థం, దాని మీద నిలబడి ఫొటో దిగడం మానుకోవాలి. మామూలు నీళ్ళలో కూడా ప్రాణాలు పోయేది ఇలాంటి కారణాలతోనే.

దిగేముందు ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకోండి. స్నానం మధ్యలో ఆ రాయి మునిగిందంటే నీళ్ళు పెరుగుతున్నట్టే, ఉన్నపళంగా బయటికి రావాలి. తేటగా ఉన్న నీరు ఎర్రబారినా, ఆకులు, నురగ కొట్టుకొస్తున్నా అదే గుర్తు. స్థానికులు స్నానం చేస్తున్న చోటే దిగాలి, మెట్లున్న చోటు ఉంటే ఇంకా మంచిది. పిల్లలను ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో పోయాలి. కల్లు గాని మందు గాని తాగినవాళ్ళను నీళ్ళ వైపు పోనివ్వొద్దు, బంధువైనా సరే చెయ్యి పట్టి కూర్చోబెట్టాలి. భోజనాలయ్యాక, సాయంత్రం నాలుగింటికి, మళ్ళీ ఒకసారి నీళ్ళల్లో ఆడుకుందామని దిగే కుర్రవాళ్ళ మీద ఓ కన్నుండాలి. మత్తడి దూకుతున్న రోజు ఒక్క పాదం కూడా పెట్టొద్దు. ఆ రోజు నల్లా కింద స్నానం చేసినా అది మంజీర స్నానమే.

మహాశివరాత్రికి మూడు రోజుల జాతర. రాష్ట్ర పండుగగా ప్రభుత్వం జరుపుతుంది. శివరాత్రి నాడు జనం ఉపవాసాలతో, జాగారంతో వస్తారు. ఆ కాలానికి పాయల్లో నీళ్ళు తగ్గుతూ వస్తాయి కాబట్టి భక్తుల స్నానాల కోసం సింగూరు నుంచి నీళ్ళు వదులుతారు. రెండో రోజు బండ్ల ఊరేగింపు, చూడాల్సిన ఘట్టం అదే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎద్దులబండ్లను మామిడాకులు, రంగుల చీరలు, పూలతో ముస్తాబు చేసి, మేళతాళాలతో గుడి చుట్టూ తిప్పుతారు. ఎద్దుల మెడల్లో గంటలు, వాటికి ముందు శివసత్తుల (అమ్మవారు పూనే ఆడవాళ్ళ) పూనకాలు, డప్పుల దరువు. మూడో రోజు రథోత్సవం. ఈ మూడు రోజుల్లో గర్భగుడి దర్శనానికి గంటలు పడుతుంది. చంటిపిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలతో వచ్చేవాళ్ళు జాతర ముగిసిన వారానికి రావడమే సుఖం. బండ్లు చూడాలనుకునేవాళ్ళు రెండో రోజు మధ్యాహ్నానికల్లా చేరి, ఎత్తయిన గట్టు మీద చోటు చూసుకోవాలి. ఎద్దులు డప్పులకు బెదురుతాయి, బండి దారికి పది అడుగుల ఎడం ఉండాలి. సొంత వాహనాలు దూరంగా ఆపాల్సి వస్తుంది. కనీసం కిలోమీటరు, రెండు కిలోమీటర్ల నడకకు సిద్ధపడి, సామాను తక్కువగా తెచ్చుకోవాలి. గుంపులో సెల్లు సిగ్నల్ మీద నమ్మకం వద్దు. తప్పిపోతే ఎక్కడ కలవాలో దిగగానే అనుకోవాలి, పిల్లల జేబులో ఇంటివాళ్ళ నంబరు రాసిన చీటీ పెట్టాలి.

లోపాలు కూడా చెప్పుకోవాలి. ఆదివారం సాయంత్రానికి పాయల ఒడ్డంతా విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, కోళ్ళ ఈకలు. ఇది పూర్తిగా వచ్చేవాళ్ళ చేతుల్లో ఉన్న పని. వదిలేసిన ప్రతి గ్లాసూ తర్వాతి వరదకు గుడిలోకి కొట్టుకొచ్చి అమ్మ ముందు తేలుతుందని తెలిస్తే ఎవరూ అలా చేయరేమో. స్టీలు గ్లాసులు, మోదుగాకు విస్తళ్ళు, చెత్తకు రెండు గోనెసంచులు తెచ్చుకుంటే చాలు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే వసతి రద్దీ రోజున సరిపోదు. నాలుగు మూలలకు తాళ్ళు కట్టిన పాత దుప్పటి ఒకటి ఉంటే చెట్టు చాటున తెర కట్టుకోవచ్చు. కోతులు చేతిలోని కొబ్బరికాయ, అరటిపండ్ల కవర్లను లాక్కుపోతాయి. వాటిని మూతి కట్టిన సంచిలో పెట్టుకోవాలి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవాలి, ఫోన్ చెల్లింపు ప్రతి చోటా నడవదు. చెప్పులు బండిలోనే వదిలేసి రావడం ఉత్తమం.

సమయం మిగిలితే తిరుగు దారిలో మెదక్ చర్చి, కోట చూడవచ్చు. చర్చి 1924లో ప్రారంభమైంది, కోట ఎక్కడానికి సాయంత్రం చల్లబడ్డాక బాగుంటుంది. కాని బోనం, యాట మొక్కు పెట్టుకున్న రోజు ఈ రెండింటినీ దాంట్లో ఇరికించొద్దు. వంట ఆలస్యమై, తినడం ఆలస్యమై, నర్సాపూర్ అడవి దారిలో చీకటి పడుతుంది.

పొద్దున ఆరింటికల్లా చేరితే తొమ్మిదింటికి దర్శనం, పన్నెండుకు బోనం, రెండింటికి బంతి భోజనాలు అయిపోతాయి. మూడింటికి గిన్నెలు తోముకోవాలి. సబ్బునురగ పాయలోకి పోకుండా ఇసుకతో, బూడిదతో తోమి, ఒడ్డుకు దూరంగా కడగాలి. మిగిలిన అన్నం కూర పక్కన కూర్చున్నవాళ్ళకు ఇవ్వండి, ఇక్కడ ఎవరూ కాదనరు. అది ఇంటి ప్రసాదం కాదు, అమ్మ సొమ్ము. పొయ్యిరాళ్ళను నదిలోకి విసరకుండా అట్లాగే వదిలేస్తే వచ్చే ఆదివారం ఇంకో ఇంటివాళ్ళకు పనికొస్తాయి. నిప్పుల మీద రెండు బిందెల నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ ఒక బిందె పోసి, అరచేయి దగ్గరగా పెట్టి చూడండి. సెగ తగలకపోతే బండెక్కవచ్చు.